పెదవి దాటిన మాట

ఒక మాట ఎదుటివారి మనసును ఎలా తిప్పుతుందో, అందుకు మాటలోని ఏ గుణం, పలికినవారిలోని ఏ లక్షణం, విన్నవారిలోని ఏ స్థితి తోడ్పడుతుందో విచారించే విద్యకు పాశ్చాత్య దేశాల్లో రెటరిక్ అని పేరు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట ఒకటంటూ లేదు. కొందరు అలంకారశాస్త్రం అంటారు గాని, ఆ శాస్త్రం ప్రధానంగా కావ్యాన్నీ, దానివల్ల సహృదయుడికి కలిగే రసానుభూతినీ విచారిస్తుందే తప్ప, సభలో నిలబడి జనాన్ని ఒక నిర్ణయం వైపు నడిపించే ప్రసంగాన్ని కాదు. చర్చను వాదం, జల్పం, వితండం అని విభజించి చూపిన న్యాయదర్శనం కొంత దగ్గరగా వస్తుంది గాని, దాని దృష్టి ప్రమాణాల మీద ఉంటుంది, జనసమూహం మీద కాదు. వక్తృత్వశాస్త్రం అనే పేరు ఈ రెండింటికన్నా నయం. అయితే అందులోనూ ఒక చిక్కు ఉంది: నోటితో మాట్లాడే మనిషి ఒకడు సభకు ఎదురుగా నిలబడి ఉన్నాడని ఆ పేరు ముందే అనుకుంటుంది. డిజిటల్ మాధ్యమాలు ఈ శాస్త్రంలో తెచ్చిన మార్పంతా దాదాపు ఆ అనుకోలు చుట్టూనే తిరుగుతోంది.

సంప్రదాయ కథనం ప్రకారం ఈ విద్య క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరంలో పుట్టింది. అక్కడ నియంతల పాలన కూలిపోయాక, పోయిన భూములను తిరిగి దక్కించుకోవడానికి జనం న్యాయసభల్లో తమ వాదన తామే వినిపించుకోవలసి వచ్చిందనీ, ఎలా మాట్లాడితే గెలుస్తారో కోరాక్స్, టీసియాస్ అనే ఇద్దరు వారికి నేర్పారనీ చెబుతారు. అంటే భూతగాదాకూ వాదనా పటిమకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదన్నమాట. అదే ద్వీపం నుంచి క్రీ.పూ. 427లో రాయబారిగా ఏథెన్స్ చేరిన గోర్గియాస్ తన మాటల మెరుపుతో ఆ నగరాన్ని ఊపేస్తే, ప్లేటో మాత్రం ఇది వైద్యుడిలా మేలు చేయక వంటవాడిలా నాలుకను మెప్పించే నేర్పు మాత్రమేనని తీసిపారేశాడు. ఈ రెండు ధోరణులకూ మధ్య అరిస్టాటిల్ ఒక దారి తీశాడు. ఏ సందర్భంలోనైనా ఒప్పించడానికి అందుబాటులో ఉన్న సాధనాలేమిటో గుర్తించే శక్తే వక్తృత్వమని నిర్వచించి, ఆ సాధనాలను మూడుగా చూపాడు. వక్త శీలం మీద సభకు కలిగే నమ్మకం ఈథోస్, సభలో రేగే భావావేశం పాథోస్, వాదనలోని హేతుబలం లోగోస్. తర్వాత రోమన్లు ప్రసంగ నిర్మాణాన్ని ఐదు అంగాలుగా పంచారు: ఏం చెప్పాలో వెతుక్కోవడం, దాన్ని వరుసగా అమర్చుకోవడం, తగిన శైలిలో పెట్టడం, మనసులో నిలుపుకోవడం, చివరికి గొంతుతో, చూపుతో, చేతులతో సభ ముందు ప్రదర్శించడం. సిసెరో కాలానికే స్థిరపడిన ఈ విభజనను క్రీ.శ. 1వ శతాబ్దం చివర క్వింటిలియన్ పన్నెండు సంపుటాల గ్రంథంలో విస్తరించి, ఐరోపా పాఠశాలలకు శతాబ్దాల పాటు సరిపడే పాఠ్యప్రణాళికగా మార్చాడు.

ఈ ఐదింటిలో చివరి రెండిటి కథ వేరు. నాలుగోదాన్ని తెలుగువారికి వివరించడానికి విదేశీ ఉదాహరణ అవసరం లేదు. అవధానంలో దానికి ధారణ అనే పేరే ఉంది. పృచ్ఛకులు నాలుగు ఆవృత్తుల్లో పాదం పాదంగా చెప్పించుకున్న పద్యాలన్నిటినీ చివరికి వరుస తప్పకుండా అప్పజెప్పే అవధాని చేసే పనికి దగ్గరి పనినే రోమన్ వక్త ఒక ఇంటిని మనసులో ఊహించుకొని, గదికొక విషయాన్ని దాచిపెట్టి, ప్రసంగ సమయంలో ఆ గదుల గుండా నడుస్తూ చేసేవాడు. ఐదోదైన ప్రదర్శన విషయానికి వస్తే, వక్తకు ముఖ్యమైనవి ఏమిటని అడిగినప్పుడు గ్రీకు మహావక్త డెమోస్థెనీస్ మొదటి స్థానమూ, రెండో స్థానమూ, మూడో స్థానమూ దానికే ఇచ్చాడని రోమన్ రచయితలు చెప్పుకునేవారు. అచ్చుయంత్రం వచ్చాక ఈ రెండు అంగాలూ క్రమంగా నీరసించాయి. పుస్తకం గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మనిషి గుర్తుపెట్టుకోనక్కరలేదు, పాఠకుడు మౌనంగా చదువుకుంటాడు కాబట్టి గొంతుతో పని లేదు. 16వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు పీటర్ రేమస్ విషయాన్వేషణనూ, అమరికనూ తర్కశాస్త్రానికి అప్పగించి వక్తృత్వానికి శైలినీ ప్రదర్శననూ మాత్రమే మిగిల్చాడు. 1762లో థామస్ షెరిడన్ ఉచ్చారణ మీద ఉపన్యాసాలు ప్రచురించి ప్రదర్శనను నిలబెట్టాలని చూశాడు గాని, 19వ శతాబ్దం ముగిసేసరికి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ విద్య కొత్త విద్యార్థులకు వ్యాసరచన నేర్పే తరగతిగా కుదించుకుపోయింది. అది నచ్చని ప్రసంగ బోధకులు కొందరు 1914లో ఇంగ్లీషు అధ్యాపకుల సంఘం నుంచి విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. ఆనాటి నుంచి రాసిన మాటకు ఒక విభాగం, పలికిన మాటకు మరో విభాగం అన్నట్టుగా పంపకం జరిగిపోయింది. వ్యాసం, ఉపన్యాసం అనే రెండు మాటలను పక్కపక్కన ఉంచుకున్న తెలుగులో కూడా పాఠశాల వ్యాసానికి మార్కులు వేస్తుంది, ఉపన్యాసానికి ఏడాదికోసారి వక్తృత్వ పోటీలో బహుమతి ఇచ్చి ఊరుకుంటుంది.

డిజిటల్ మాధ్యమాలు వచ్చి అచ్చు నీరసింపజేసిన ఈ రెండు అంగాలనే మళ్లీ శాస్త్రం నడిమధ్యకు తెచ్చాయి. అయితే తిరిగివచ్చినవి పాత రూపంలో రాలేదు. ధారణ ఇప్పుడు మనిషి తలలో లేదు, సర్వర్లలో ఉంది; ప్రదర్శన మనిషి ఒంట్లో లేదు, తెర మీదా తీగల మీదా ఉంది. రెండూ వక్త అధీనం తప్పాయన్న ఈ సంగతిని శాస్త్రజ్ఞులు ఒక్కసారిగా గుర్తించలేదు. కంప్యూటరును రచనా బోధనతో ముడిపెట్టి చూసే ఒక పత్రిక అమెరికాలో 1983లో మొదలైంది. 1993లో రిచర్డ్ లాన్హమ్ రాసిన ది ఎలక్ట్రానిక్ వర్డ్ కంప్యూటరు తెరను వక్తృత్వ సంప్రదాయానికి వారసురాలిగా చూపింది. 1996లో పూర్తిగా ఇంటర్నెట్‌లోనే వెలువడే కైరోస్ అనే పరిశోధనా పత్రిక పుట్టింది. సరైన మాటకు సరైన అదను అనే అర్థమిచ్చే గ్రీకు పదమే దానికి పేరయింది. ఆ తొలి దశ రచనల్లో ఉత్సాహం పాలు ఎక్కువ. లింకుల గుండా ఇష్టమైన దారిలో చదువుకునే పాఠకుడు రచయితతో సమానుడైపోతాడనీ, అధికారం చెల్లాచెదురవుతుందనీ చాలామంది రాశారు. అధికారం చెదిరిన మాట నిజమే గాని, అది పాఠకుడి చేతికి రాలేదు.

ప్రదర్శన వక్త చేయి దాటడం అంటే ఏమిటో 2004 జనవరి 19 రాత్రి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జరిగిన ఒక చిన్న సంఘటన చూపించింది. అధ్యక్ష పదవికి తమ పార్టీ అభ్యర్థిత్వం కోరుతున్న హోవర్డ్ డీన్ ఆ రోజు పోటీలో మూడో స్థానంలో నిలిచి, నిరుత్సాహపడిన కార్యకర్తలకు ఊపు తేవడానికి గొంతెత్తి రాష్ట్రాల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ చివర ఒక కేక వేశాడు. హాలులో వేలమంది అరుస్తున్న ఆ గోలలో ఆ కేక వింతగా తోచలేదు, చాలామందికి అసలు వినబడనే లేదు. అయితే ఆయన చేతిలోని మైకు చుట్టుపక్కల శబ్దాన్ని వడగట్టి నోటి నుంచి వచ్చే గొంతును మాత్రమే పట్టుకునే రకం. టెలివిజన్‌లో చూసినవారికి జనఘోష లేదు, ఎర్రబారిన ముఖంతో ఒంటరిగా కేకపెట్టే మనిషి మాత్రమే కనిపించాడు. ఆ కొద్ది సెకన్ల దృశ్యాన్ని చానళ్లు రోజుల తరబడి వందలసార్లు వేశాయి, ఇంటర్నెట్‌లో దానికి డప్పులూ పాటలూ జోడించిన అతుకుల రూపాలు పుట్టుకొచ్చాయి. పాత లెక్కలో చూస్తే డీన్ తన సభకు తగిన గొంతునే వాడాడు, క్వింటిలియన్ దగ్గర కూడా ఆయనకు మార్కులు పడేవి. ఆయన ఎరగని సభ మరొకటి మైకు అవతల ఉంది. ప్రదర్శనను గొంతు, హస్తవిన్యాసం అని నిర్వచించిన శాస్త్రం దగ్గర ఈ సంఘటనను వివరించే పరికరం లేదు. మైకు రకం, ఎడిటింగు, పునఃప్రసారం కూడా ప్రదర్శనలో భాగాలేనని ఒప్పుకుంటే తప్ప వివరణ కుదరదు. ఇంగ్లీషులో ప్రసంగ ప్రదర్శనకూ సరుకు చేరవేతకూ డెలివరీ అనే మాట ఒక్కటే కావడం ఇక్కడ కలిసివచ్చిన శ్లేష. 2009లో జేమ్స్ పోర్టర్ వంటి పండితులు ఈ అంగాన్ని డిజిటల్ కాలానికి తగినట్టు తిరిగి నిర్మించాలని వాదించినప్పుడు, వారు రెండో అర్థాన్నే ముందుకు తెచ్చారు.

అదే ఏడాది జిమ్ రిడాల్ఫో, డేనియెల్ డివాస్ అనే ఇద్దరు కైరోస్ పత్రికలో వాగ్వేగం అనదగిన ఒక భావనను ప్రతిపాదించారు. ఇతరులు తన రచనను తీసుకొని, కత్తిరించి, మరో చోట అతికిస్తారని ముందే ఊహించి, ఆ ఊహకు తగినట్టు రాయడాన్నే వారు ఈ పేరుతో పిలిచారు. వారిచ్చిన సులువైన ఉదాహరణ పత్రికా ప్రకటన: విలేకరి తన వార్తలో నేరుగా పెట్టుకోవడానికి వీలైన వాక్యాలతోనే దాన్ని తయారు చేస్తారు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత మాట జారనివ్వవద్దని హెచ్చరిస్తే, వాగ్వేగ సిద్ధాంతం పృథివి దాటడానికి అనువుగా మాటను ఎలా చెక్కాలో ఆలోచిస్తుంది. అయితే దాటిన మాట ఏ రూపంలో దాటుతుందో ఎవరి ఊహకూ పూర్తిగా అందదు. పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం పనిచేసే ఒక సంస్థ తల్లిదండ్రులను మేల్కొలపడానికి ఒక చిన్న వీడియో తీసింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి మోటారుసైకిల్ మీద వచ్చిన ఇద్దరు ఎత్తుకుపోతారు, మరుక్షణమే వెనక్కి తెచ్చి దింపి, పిల్లలను ఎత్తుకుపోవడం ఎంత తేలికో తెలిపే అట్టను కెమెరా ముందు పట్టుకుంటారు. 2018లో భారతదేశంలో వాట్సాప్ ద్వారా తిరిగిన రూపంలో ఆ రెండో సగం లేదు. హెచ్చరిక కోసం పుట్టిన దృశ్యం, కొన్ని సెకన్లు పోగొట్టుకొని, పిల్లల దొంగలు వచ్చారనడానికి సాక్ష్యంగా మారింది. అలాంటి వీడియోలు, ఫొటోలు, గొంతు సందేశాలు రేపిన భయంతో ఆ ఏడాది అనేక రాష్ట్రాల్లో దారిన పోయే అపరిచితులను జనం కొట్టి చంపారు. విషయాన్వేషణ, అమరిక, శైలి అనే మూడు అంగాలతో ఆ వీడియోను ఎంత విశ్లేషించినా దాని ఫలితం అర్థం కాదు, ఎందుకంటే దాని బలం నిర్మాణంలో లేదు, తెగిన చోట ఉంది.

ఆ వదంతులు తెలంగాణ పల్లెలనూ తాకాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌గా ఉన్న రెమా రాజేశ్వరి ఎంచుకున్న మార్గం వక్తృత్వ విద్యార్థులు గమనించదగినది. గ్రామానికింతమందని పోలీసులను కేటాయించి జనంతో ముఖాముఖి మాట్లాడించారు, జానపద కళాకారులను పంపి డప్పుల మోతతో, పాటలతో ఆ సందేశాలు అబద్ధమని చెప్పించారు. ఫోను మోసిన మాటకు విరుగుడుగా కళ్లెదుట నిలబడ్డ మనిషి గొంతును వాడటం ఇందులోని కిటుకు. వదంతికి లేనిది, పాటగాడికి ఉన్నది ఒక్కటే, అడిగితే జవాబు చెప్పగల నోరు.

ఇక్కడే ఈథోస్ ప్రశ్న తలెత్తుతుంది. వక్త మీద నమ్మకం ఆయన ప్రసంగం నుంచే పుట్టాలని అరిస్టాటిల్ అన్నాడు. రోమ్‌లో వంశమూ, పదవీ కూడా లెక్కలోకి వచ్చాయి. వాట్సాప్ సందేశానికి చాలాసార్లు రచయిత పేరే ఉండదు. అయినా దాన్ని నమ్ముతారు, ఎందుకంటే అది బాబాయి పంపాడు, లేదా బడిలో కలిసి చదువుకున్న స్నేహితురాలు పంపింది. నమ్మకం పుట్టించినవారి నుంచి పంపినవారికి బదిలీ అయింది. ఆ పంపినవారు సందేశంలోని ఒక్క అక్షరానికీ బాధ్యులు కారు, తమకు వచ్చిందే పంపామంటారు. ఇలా బాధ్యత లేని విశ్వసనీయత అనే వింత వస్తువు ఈ శాస్త్రానికి కొత్త. 2018 జూలైలో వాట్సాప్ సంస్థ మరొకరి నుంచి వచ్చిన సందేశాలకు ఫార్వర్డ్ అనే గుర్తు తగిలించింది, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు సంభాషణలకు మించి పంపకుండా కట్టడి ప్రకటించింది. 2019 జనవరిలో ఆ హద్దును ప్రపంచమంతటికీ వర్తింపజేసింది, 2020 ఏప్రిల్‌లో అప్పటికే చాలా చేతులు మారిన సందేశాలను ఒక్కసారికి ఒక్క సంభాషణకే పరిమితం చేసింది. మాటలోని సత్యాసత్యాల జోలికి పోకుండా, మాట నడిచే వేగాన్ని మాత్రమే తగ్గించే ఈ ఏర్పాట్లను చట్టసభలు చేయలేదు, ఇంజనీర్లు చేశారు. వక్తృత్వాన్ని అధ్యయనం చేసేవారు ఒక యాప్ నిర్మాణాన్ని కూడా చదవక తప్పని పరిస్థితి ఇలా ఏర్పడింది.

అన్నీ తలకిందులయ్యాయనుకోవడం కూడా పొరపాటే. అరిస్టాటిల్ ఎంథిమీమ్ అని పిలిచిన వాదనా రూపం ఇంటర్నెట్ మీమ్‌లో ఆశ్చర్యమనిపించేంత చక్కగా పనిచేస్తోంది. వాదనలోని ఒక మెట్టును వక్త చెప్పకుండా వదిలేస్తే సభ దాన్ని తనంతట తాను పూరించుకుంటుంది. తానే పూరించుకున్నది గనుక దాన్ని తన ఆలోచనగానే స్వీకరిస్తుంది. తెలుగు వ్యాకరణంలో వాక్యంలో లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఎంథిమీమ్ వాదనలో జరిగే అధ్యాహారం. తెలుగువారి మీమ్‌లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ముఖాల్లో బ్రహ్మానందం ముఖం ఒకటి. ఆ చిత్రం కింద ఒక ధర పెరిగిన వార్తనో, ఒక నాయకుడి వాగ్దానాన్నో రెండు ముక్కల్లో పెడితే చాలు. ఏ సినిమాలో ఏ సందర్భంలో ఆ ముఖం అలా మారిందో, అప్పుడు ఎదుటి పాత్ర ఏం చేసిందో చూసేవారు గుర్తు తెచ్చుకొని, ఆ హాస్యపు బరువునంతా కొత్త విషయం మీద మోపుతారు. ఇందులో ప్రతిపాదన లేదు, హేతువు చెప్పలేదు, ఖండించడానికి వాక్యమే లేదు. రెండు గంటల సినిమా మొత్తం అధ్యాహారంలో ఉంది. రోమన్ వక్తలు తమ సభకు ముందే తెలిసిన సామాన్య విషయాల భాండారం నుంచి వాదనలు తీసుకునేవారు. ఆ భాండారాన్ని తెలుగునాట ఒకప్పుడు పురాణాలూ, సామెతలూ నింపేవి, ఇప్పుడు ఎక్కువగా సినిమా నింపుతోంది. భారతంలోని పాత్రను ఉదాహరించిన వక్తకూ, హాస్యనటుడి ముఖాన్ని అతికించిన కుర్రవాడికీ మధ్య పద్ధతిలో తేడా తక్కువ.

శైలి విషయంలో మార్పు మరోలా ఉంది. 1982లో వాల్టర్ ఆంగ్ రేడియో, టెలివిజన్ల వల్ల అచ్చు మీద ఆధారపడిన ఒక రెండో మౌఖికత ఏర్పడుతోందని సూచించాడు. ఆ మౌఖికత ఇప్పుడు రాతలోకే దిగింది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకునే సందేశాలు చూస్తే, అక్కడ గ్రాంథికమూ లేదు, పత్రికల శిష్టభాషా లేదు, ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పలుకులు పలికినట్టే దిగుతాయి. టైపు చేయలేనివారికి, చేయడానికి బద్ధకించేవారికి గొంతు సందేశం ఉండనే ఉంది. గిడుగు రామమూర్తి నాటి వివాదం ఏ భాషలో రాయాలన్న దాని మీద జరిగితే, నేటి పిల్లలు రాస్తున్నారో మాట్లాడుతున్నారో తేల్చడమే కష్టమైపోయింది.

సభ అనే భావన మీద జరిగిన చర్చ అన్నిటికన్నా లోతైనది. లాయిడ్ బిట్జర్ 1968లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ప్రతి ప్రసంగానికీ వెనక ఒక తక్షణ అవసరం, ఆ అవసరాన్ని తీర్చగల సభ, వక్తకు ఉన్న పరిమితులు అనే మూడూ కలిసిన ఒక సందర్భం ఉంటుందని చెప్పాడు. 2005లో జెన్నీ ఎడ్‌బవర్ ఈ చట్రం చాలదనీ, మాటలు గీత గీసిన సందర్భంలో కాక, జీవావరణం లాంటి ఒక వ్యవస్థలో ఒకదానిలోకి ఒకటి పారుతూ తిరుగుతాయనీ వాదించింది. అంతకు ముందే 1985లో జాషువా మేరోవిట్జ్ టెలివిజన్ గురించి ఒక చిక్కును గమనించాడు: నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్ నల్లవారి సభలో ఒక రకంగా, తెల్లవారి సభలో మరో రకంగా మాట్లాడగలిగేవాడు, కెమెరా వచ్చి ఆ రెండు సభలనూ ఒకటి చేసినప్పుడు ఏ గొంతు వాడినా ఒక సభను పోగొట్టుకోక తప్పలేదు. సామాజిక మాధ్యమాల్లో ఇది ప్రతి మనిషికీ నిత్యానుభవం అయింది. తల్లిదండ్రులు, పై అధికారి, కాలేజీ మిత్రులు, ముక్కూ ముఖమూ తెలియనివారు అందరూ ఒకే పోస్టును చూస్తారు. 2011లో ఆలిస్ మార్విక్, డానా బోయిడ్ ట్విటర్ మీద చేసిన అధ్యయనం దీన్నే సందర్భాల కుప్పకూలిక అని చర్చించింది. నిజానికి ఈ భయాన్ని మొదట చెప్పినవాడు ప్లేటో. రాసిన మాట అర్థం చేసుకునేవారి దగ్గరికీ, దానితో సంబంధం లేనివారి దగ్గరికీ ఒకేలా దొర్లుకుంటూ పోతుందనీ, ఎవరైనా నిందిస్తే తనను తాను కాపాడుకోలేక కన్నతండ్రి సాయం కోసం చూస్తుందనీ ఫీడ్రస్ అనే సంవాదంలో సోక్రటీస్ చేత అనిపించాడు. రాతనే శంకించిన ఆ మాటలు ఆనాటి పుస్తకాల కన్నా ఈనాటి పోస్టులకే బాగా అతుకుతాయి.

మనుషుల సభతో పాటు మరో శ్రోత కూడా చేరింది. ఏ పోస్టును ఎవరికి ముందు చూపాలో నిర్ణయించే లెక్కల క్రమాన్ని అల్గారిథమ్ అంటారు. 2017లో జాన్ గల్లఘర్ దాన్ని కూడా ఒక శ్రోతగా పరిగణించాలని ప్రతిపాదించాడు. యూట్యూబ్‌లో వీడియో పెట్టేవారు శీర్షికను, బొమ్మను, మొదటి కొద్ది సెకన్లను ఆ శ్రోతను ఉద్దేశించే తయారు చేస్తారు. అది మెచ్చితేనే మనుషుల దాకా చేరతారు. పల్లెల్లో కథ చెప్పేవాడికి వినేవారిలో ఒకరు ఊఁ కొడుతూ ఉండాలి, ఊఁ ఆగితే కథకుడు గొంతు మార్చేవాడు, లేదా కథే మార్చేవాడు. ఫేస్‌బుక్ 2009లో తెచ్చిన లైక్ మీట ఆ ఊఁకు వారసురాలే గాని, అది కథకుడికి మాత్రమే వినబడదు, కథను తరువాత ఎవరికి వినిపించాలో తేల్చే యంత్రానికి కూడా వినబడుతుంది.

మాట అవసరమే లేని ఒప్పించడం కూడా ఉందని ఇయాన్ బోగోస్ట్ 2007లో పర్స్యూయేసివ్ గేమ్స్ అనే పుస్తకంలో చూపాడు. ఒక ఇటాలియన్ బృందం తయారుచేసిన వీడియోగేమ్‌లో ఆడేవారు ఒక ఫాస్ట్‌ఫుడ్ వ్యాపారాన్ని పొలం నుంచి దుకాణం దాకా నడపాలి. తప్పుడు పనులు చేయకుండా లాభం నిలవదని ఆడుతూ ఉండగానే తెలిసివస్తుంది. ఈ వాదనను ఎవరూ పలకలేదు, ఆట నియమాలే పలికాయి. బోగోస్ట్ దీనికి ప్రక్రియల వక్తృత్వం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆట సంగతి అలా ఉంచితే, ఇంటర్నెట్‌లో టిక్కెట్టో, సరుకో కొనే ప్రతివారూ ఈ వక్తృత్వానికి లోబడుతున్నారు: బుట్టలో అడగని వస్తువు చేరి ఉంటుంది, వద్దనే మీట చిన్నదిగా మసకగా ఉంటుంది, బీమా తీసుకోనంటే బాధ్యత లేనివారన్నట్టు ఒక వాక్యం ఎదురవుతుంది. వీటికి 2010లో హ్యారీ బ్రిగ్నల్ డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. 2023 నవంబరు 30న భారత ప్రభుత్వ వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటి 13 ఎత్తుగడలను పేర్కొంటూ మార్గదర్శకాలు ప్రకటించింది. ఒప్పించడానికీ మోసగించడానికీ మధ్య గీత ఎక్కడ అన్నది గోర్గియాస్ కాలం నాటి ప్రశ్న. ఇప్పుడు దాని జవాబు గెజిట్‌లో, మీటల సైజు గురించిన చర్చలో వెతకవలసి వస్తోంది.

అధ్యయన వస్తువు ఇంతగా మారాక పద్ధతి మారకుండా ఉండదు. పూర్వం పరిశోధకుడు ఒక ప్రసంగ పాఠాన్ని ముందు పెట్టుకొని వాక్యం వాక్యం విప్పేవాడు. లారీ గ్రీస్ 2015లో ప్రచురించిన గ్రంథానికి ముడిసరుకు ఒకే ఒక్క బొమ్మ. 2008లో షెపర్డ్ ఫెయిరీ అనే చిత్రకారుడు బరాక్ ఒబామా ఫొటో ఆధారంగా ఎరుపు, నీలం రంగుల్లో గీసిన పోస్టరు, ఆ తరువాత ఎక్కడెక్కడ తిరిగి, ఎవరెవరి చేతుల్లో వ్యంగ్యచిత్రంగా, నిరసన పోస్టరుగా, సరుకుల మీద బొమ్మగా మారిందో ఆమె సంవత్సరాల తరబడి వెంబడించి, ఆ జాడ తీసే పద్ధతినే సిద్ధాంతంగా వివరించింది. పోస్టరు గీసిన వ్యక్తి ఉద్దేశం అందులో ఒక చిన్న భాగం మాత్రమే. ఆ మూల ఫొటో మీద హక్కుల కోసం ఒక వార్తాసంస్థకూ చిత్రకారుడికీ మధ్య నడిచిన వ్యాజ్యం 2011లో రాజీ అయింది. చట్టం మాత్రం రచయిత ఎవరన్న ప్రశ్నను ఇంకా వదిలిపెట్టలేదు.

ప్రదర్శన శరీరాన్ని పూర్తిగా వదిలేసిన ఘట్టం 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ శాసనసభ ఎన్నికల సమయంలో కనిపించింది. అప్పటి భాజపా ఢిల్లీ అధ్యక్షుడు మనోజ్ తివారీ హిందీలో మాట్లాడిన వీడియోను తీసుకొని, ఆయన హర్యాణ్వీలో మాట్లాడుతున్నట్టు పెదవులను కంప్యూటరుతో కదిలించి తయారుచేసిన రూపం వాట్సాప్‌లో తిరిగింది. ఇది శత్రువులు చేసిన పని కాదు, పార్టీ ప్రచారంలో భాగం; వక్త తాను పలకని యాసలో ఓటర్లకు చేరువయ్యాడు. యాస మనిషి పుట్టుకను చెప్పే గుర్తు కాబట్టే అది నమ్మకం కలిగిస్తుందని శాస్త్రం ఇంతకాలం చెబుతూ వచ్చింది.

ఇక మిగిలింది ధారణ. 2010లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ట్విటర్‌లోని బహిరంగ సందేశాలన్నిటినీ భద్రపరచడానికి ఒప్పందం కుదుర్చుకుంది. 2017 చివరికి ఆ పనిని విరమించి, ఇకమీదట ఎంపిక చేసినవాటిని మాత్రమే సేకరిస్తామనీ, ఉన్న నిల్వను ఎలా అందుబాటులోకి తేవాలన్న సమస్యలు తీరేదాకా తెరవలేమనీ ప్రకటించింది. 2023లో ట్విటర్ సంస్థ తన సమాచారాన్ని ఉచితంగా తీసుకునే దారిని మూసేసింది, ఫేస్‌బుక్ పోస్టుల వ్యాప్తిని పరిశోధకులకు చూపే క్రౌడ్‌ట్యాంగిల్ అనే సాధనం 2024 ఆగస్టులో ఆగిపోయింది. సర్వర్లు ఏదీ మరచిపోవన్నది నిజమే కావచ్చు, కాని అవి ఎవరికి అప్పజెబుతాయన్నది వాటి యజమానుల ఇష్టం. ఇందులో పాత అనుభవం కొంత ఊరట: పెలొపొనీషియన్ యుద్ధ చరిత్ర రాసిన థ్యుసిడిడీస్, తాను పొందుపరచిన ప్రసంగాలు విన్నవి విన్నట్టు కావనీ, ఆ సందర్భానికి తగినట్టు కూర్చినవనీ తానే ఒప్పుకున్నాడు. గ్రీకు వక్తృత్వం గురించి తెలిసినదాంట్లో కొంత భాగం అలాంటి అరకొర ఆధారాల మీదే నిలిచింది.

తెలుగువారి మధ్య ఒప్పించే మాటల్లో పెద్ద భాగం నడిచే వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి పంపినవారూ అందుకున్నవారూ తప్ప మరెవరూ చదవలేని రహస్యలిపిలో ఉంది. దాన్ని అధ్యయనం చేయాలంటే ఎవరో ఒకరు తమకు వచ్చినదాన్ని చేతికి ఇవ్వాలి. 2019 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికల ముందు ప్రోటో అనే సంస్థ, వాట్సాప్ సహకారంతో, అనుమానాస్పద సందేశాలను ప్రజలు పంపడానికి ఒక నంబరు ప్రకటించింది. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, మలయాళాలతో పాటు తెలుగుకు కూడా అందులో చోటు దక్కింది. అలా అందిన సందేశంలో దాన్ని మొదట ఎవరు పుట్టించారో ఉండదు, ఎక్కడ తెగిందో, ఎన్ని చేతులు మారిందో ఉండదు; ఊళ్లో ఎవరి ఫోనులోకైనా చేరినట్టే, పరిశోధకుడి దగ్గరికి కూడా అది చివరగా పంపిన మనిషి పేరుతోనే చేరుతుంది.